బీపుకి సంజాయిషీ

జిల్లా విపత్తు సమాచార పరికరాల విభాగం వారు తీరపల్లెలకి పంచడానికి చేతిలో పట్టే రేడియోలు కొన్నారు. మంచి రేడియోలే. గుప్పెట్లో ఇముడుతాయి, వానలో తడిసినా పలుకుతాయి, సెల్ టవర్లన్నీ నేలకొరిగినా వాటి మానాన అవి మాట్లాడుకుంటాయి. వాటికున్న లోపం ఒక్కటే. ఏ ఛానెల్లో ఎవరితో మాట్లాడాలో ముందుగా ఎవరో ఒకరు వాటికి నేర్పాలి. ఆ నేర్పే పని కంప్యూటర్‌తో చేస్తారు.

పాత రేడియోలకి ఆ పని ఓలేటి సత్తిరాజు చేసేవాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పే మాష్టారు. హామ్ లైసెన్సు ఉన్నవాడు, అంటే సరదాకి రేడియోలో దేశదేశాల వాళ్లతో కబుర్లు చెప్పుకోడానికి సర్కారు అనుమతి పొందినవాడు. సరదా అన్నది సర్కారు మాట. అతని భార్య దానికి పిచ్చి అని పేరు పెట్టింది. ప్రపంచంలో ఇదే పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. ఏ కంపెనీ రేడియో అయినా సరే, కేబుల్ తగిలిస్తే దాని లోపలున్నదంతా కంప్యూటర్ మీద పరిచి చూపిస్తుంది. దాని కోడ్ తలుపుల్లేని ఇల్లు. ఎవరైనా వచ్చి చూడొచ్చు, చేతనైనవాడు చేతనైనంత కలపొచ్చు.

ఈసారి చిక్కు వచ్చిపడింది. కంపెనీ వారు పాత మోడల్ పేరు చివర ఒక అక్షరం తగిలించి, కొత్త మోడల్ అన్నారు. పైకి అదే రేడియో. లోపల మాత్రం ఏ సంగతి ఏ మూల దాచుకోవాలో ఆ వరసంతా మార్చేశారు. ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి, ఈ రేడియో ఎవరో నేనెరగను అంది. డబ్బాతో పాటు వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకోవడం, వెంటనే మూసుకోవడం తప్ప మరో పని చెయ్యలేదు. పోనీ మీటలు నొక్కి చేత్తో ఎక్కిద్దామా అని సత్తిరాజు అడిగాడు. చేత్తో చేసిన పనికి ఏకరూపత ఉండదని విభాగం వారు తోసిపుచ్చారు. రేడియోలు స్ట్రాంగ్ రూములోకి వెళ్లి కూర్చున్నాయి.

ఇక మిగిలిన దారి, ఆ సాఫ్ట్‌వేర్‌కి ఈ కొత్త రేడియోని పరిచయం చెయ్యడమే. అది నేను చేస్తానని సత్తిరాజు మీదేసుకున్నాడు. మీదేసుకోవడానికి అతనికి కారణం ఉంది.

గోదావరి సముద్రంలో కలిసే చోట కొత్తమొగ అని ఒక జాలరిపల్లె. అక్కడ అతని చెల్లెలు నూకరత్నం కాపురముంటోంది. పోయిన తుఫానుకి అందరికంటే ముందు సెల్ టవర్ పడిపోయింది. వేటలో ఉన్న పడవలకి వెనక్కి రండని చెప్పే దారి లేక, ఆడవాళ్లు ఒడ్డున నిలబడి చీరలు ఊపారు. కనపడినవాళ్లు తిరిగొచ్చారు. నూకరత్నం మరిదికి కనపడలేదు. అప్పుడే సత్తిరాజు పల్లెలో పాఠాలు మొదలుపెట్టి, కొంతమందిని హామ్ పరీక్షకి కూర్చోబెట్టాడు. ఐదో తరగతితో బడి మానేసిన నూకరత్నం వలలు అల్లుకుంటూ ఓమ్ సూత్రం కంఠతా పట్టి, మొగుడు వీరబాబు కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆ సంగతి వీరబాబుకి గుర్తుచెయ్యని రోజు లేదు.

"అన్నియ్యా, లైసెన్సు గోడకి తగిలించాను. ఎంత బాగున్నా దాన్తో మాటాళ్లేను కదా. రేడియో ఎప్పుడొచ్చుద్ది?" అని ఫోన్ చేసింది.

"తుఫాన్ల రోజులు రాకముందే" అన్నాడు సత్తిరాజు. అన్నప్పుడు అతనికి ఆ మాట మీద పూర్తి నమ్మకం ఉంది.

విభాగానికి అధిపతి ఉప సంచాలకులు అనంతపద్మనాభం గారు. ఇంత సర్వీసులో ఆయన చేతి మీదుగా ఒక్క తప్పు జరగలేదు. చేతి మీదుగా ఏదీ జరగనివ్వకపోతే తప్పెలా జరుగుతుంది? ఆయన గది బయట సూపరింటెండెంట్ లలితాంబ గారు కూర్చుంటారు. ఆఫీసులో ఏ ఫైల్ ఎక్కడ పడుకుందో, ఎలా తడితే లేస్తుందో ఆవిడకే తెలుసు.

సత్తిరాజు తన పద్ధతి విన్నవించుకున్నాడు. "కొత్తింట్లో ఏ స్విచ్చి ఏ లైటుదో ఎలా తెలుసుకుంటామండీ? ఒకటి నొక్కి చూస్తాం. ఇదీ అంతే. ముందు రేడియోలో ఉన్నదంతా చదివి దాచుకుంటాను. ఒకే ఒక్క సెట్టింగు మారుస్తాను. మళ్లీ చదువుతాను. ఎక్కడ తేడా వచ్చిందో అదే దాని చోటు. తర్వాత సెట్టింగు యథాప్రకారం పెట్టేసి ఇంకోసారి చదివితే ఖాయమైపోతుంది. అలా ఒక్కొక్కటీ."

"అమోఘం" అన్నారు అనంతపద్మనాభం గారు. "అయితే సత్తిరాజుగారూ, సెట్టింగు అనగా ప్రభుత్వ ఆస్తి యొక్క స్థితి. స్థితిని మార్చవలెనన్న ఉత్తర్వు ఉండవలెను. మొదట దేనిని మార్చదలచితిరి?"

"బీపు సార్. మీట నొక్కితే బీప్ మని చప్పుడొస్తుంది. ఇప్పుడు ఆఫ్‌లో ఉంది, ఆన్ చేస్తాను. అన్నిటికంటే చిన్న పని."

"చిన్న పని అనునది మన కార్యాలయమున లేదు" అన్నారు ఆయన, కాస్త గర్వంగానే.

అన్నట్టే అయింది. 'మీట నొక్కినపుడు శబ్దము వెలువడునట్లు చేయుట గురించి' అని ఫైల్ పుట్టింది. శబ్దం కాబట్టి కాలుష్యం వాళ్లని అడిగారు. పల్లెల్లో మోగేది కాబట్టి పశువుల వైద్యుణ్ని అడిగారు. పడవలో మోగితే చేపలు బెదిరిపోవా అని మత్స్యశాఖకి రాశారు. బెదిరిన చేప ఇటు వస్తుందో అటు పోతుందో చెప్పడానికి తమ వద్ద ప్రమాణాలు లేవని మత్స్యశాఖ వారు జవాబిచ్చారు. చివరికి బీపు వల్ల ప్రజలకి మేలే తప్ప కీడు లేదని ఉపసంఘం తేల్చింది, ఉత్తర్వు వచ్చింది. ఒకానొక శుభముహూర్తాన అందరూ చుట్టూ నిలబడగా సత్తిరాజు మీట నొక్కాడు. బీప్ మంది. చప్పట్లు కొట్టారు, కాజాలు పంచారు.

సత్తిరాజు కేబుల్ తగిలించి చదివాడు. అన్ని అంకెల్లో ఒకే ఒక్క సున్నా ఒకటిగా మారి ఉంది. ఎడారిలో నీళ్లు తగిలినట్టు అతని మొహం వెలిగిపోయింది. "దొరికేసింది సార్. ఇప్పుడు బీపు ఆపేసి ఇంకోసారి చదివితే..." అంటూ మీట మీద వేలు పెట్టబోతే అనంతపద్మనాభం గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఆపుటయా?"

"అవును సార్, యథాప్రకారం పెట్టాలి కదా."

"మోగించుట సరియని ఇన్ని శాఖలు కలిసి నిర్ణయించినవి. మోగించుట సరియైనచో ఆపుట తప్పు. ఆపుట సరియైనచో మోగించుట తప్పు. తప్పు జరిగిన యెడల బాధ్యులెవరు?"

"తప్పేం లేదు సార్, ఇది పరీక్ష. ఆన్ చెయ్యడమూ కరెక్టే, ఆఫ్ చెయ్యడమూ కరెక్టే."

"రెండూ సరియేనని వ్రాసినచో ఆడిట్ వారు నవ్వెదరు."

"నవ్వితే నవ్వుతారు సార్, పోయిందేముంది?"

"వారు నవ్వరు సత్తిరాజుగారూ" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "అదియే నా భయము."

బీపు మోగుతూనే ఉండిపోయింది. పని ఆగిపోయింది. మామిడికాయలు పళ్లయ్యాయి, ఆ పళ్లూ అయిపోయాయి. సత్తిరాజు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతుంటే చూడలేక, ఒకరోజు లలితాంబ గారే పిలిచి కూర్చోబెట్టారు.

"మాష్టారూ, తప్పు మీదేనని ఒప్పేసుకోండి."

"నేనేం తప్పు చేశానండీ?"

"చేశారా లేదా అని ఎవరడిగారండీ? మీరు ఒప్పుకుంటే ఆ ఉత్తర్వు రద్దు చెయ్యడానికి నాకో కారణం దొరుకుద్ది. సార్ వల్ల తప్పు జరగలేదని తేలిపోద్ది. సాయంత్రానికల్లా ఫైల్ కదిలిపోద్ది. మీ చెల్లెలికి రేడియో కావాలా, మీకు మర్యాద కావాలా?"

సత్తిరాజుకి ఒళ్లు మండింది. జీవితంలో ఒక్క వైరు తప్పుగా అతికించని మనిషి. అయినా కాగితం తీసుకుని, ఆవిడ చెప్తుంటే రాశాడు: 'అయ్యా, నేను పొరపాటున బీపును మోగించితిని. ఇకపై ఇట్టి పొరపాటు జరగనీయనని మనవి చేసుకొనుచున్నాను.' సాయంత్రం అయిదుకి 'బీపును మోగించుట తీవ్రముగా పరిగణించడమైనది, ఉత్తర్వు రద్దుపరచడమైనది' అని మెమో వచ్చింది. బీపు ఆగింది. ఒకటి మళ్లీ సున్నా అయింది.

దారి తెలిశాక సత్తిరాజు ఆగలేదు. ప్రతి సెట్టింగుకీ ఒక సంఘం, ఒక ఉత్తర్వు, ఒక సంజాయిషీ, ఒక మెమో. తెర వెలుగుకి మూడు రంగులుంటే ఆ సంఘం చీలిపోయింది. ఒకటి ఒకరి జెండా రంగట, ఇంకొకటి ఇంకొకరిదట. మూడోది ఇప్పటిదాకా ఎవరిదీ కాదు గానీ రేపు ఎవరైనా ఆ రంగుతో పార్టీ పెట్టరని పూచీ ఏమిటని ఒక సభ్యుడు లేచాడు. మూడు రంగులనీ తానే పొరపాటున వెలిగించానని ఒకే కాగితం మీద రాసిచ్చి సత్తిరాజు వాళ్లని ఒడ్డున పడేశాడు. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు పెట్టినందుకూ ఒప్పుకున్నాడు, తీసినందుకూ ఒప్పుకున్నాడు. గరగర శబ్దాన్ని అణిచే స్థాయిని ఒక్కో మెట్టూ ఎక్కించి ఒక్కో మెట్టుకీ క్షమాపణ చెప్పాడు. ఆఖరికి ఇంట్లో పులుసులో ఉప్పెందుకు ఎక్కువైందని అతను అడగబోయి, 'పొరపాటున' అని తనే సంజాయిషీ ఇచ్చుకునే స్థితికి వచ్చాడు. అలా ఆఫీసులో అతని నేరాల ఫైల్ లావెక్కుతున్న కొద్దీ, కంప్యూటర్లో ఆ రేడియో గుట్టు రట్టవుతూ వచ్చింది.

కనిపెట్టినదంతా సముద్రాల అవతల ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే వాలంటీర్లకి ఎప్పటికప్పుడు పంపిస్తున్నాడు. జీతం లేని చోట ఆఫీసు ఉండదనుకున్నాడు పాపం. ఆ సెట్టింగుని 'బీప్' అనాలా, 'మీట బీప్' అనాలా అని అక్కడ రెండు ఖండాల వాళ్లు వారం పాటు కొట్టుకున్నారు. కాకపోతే కొట్టుకున్నాక పని చేశారు. కొత్త విడుదలలో, మెనూలో, ఆ రేడియో పేరు కనపడింది. అడుగున, కోడ్ కలిపినవాడిగా సత్తిరాజు కాల్‌సైన్, అంటే లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చిన అక్షరాల, అంకెల గుర్తు, ఉంది. అతను ఉబ్బితబ్బిబ్బయి భార్యని పిలిచి చూపించాడు.

"మీ పేరేదీ?" అందావిడ.

"అదే నా కాల్‌సైన్."

"ఇన్ని తప్పులకీ పేరు రాయించుకుని, ఒప్పుకి మాత్రం నంబరా" అని పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్లిపోయింది.

మర్నాడు అనంతపద్మనాభం గారు నిలబడి కరచాలనం చేశారు. "మీ కృషి చిరస్మరణీయము" అని, కుడిచేత్తో అభినందిస్తూ ఎడమచేత్తో ఒక ఉత్తర్వు ఇచ్చారు. 'శ్రీ ఓలేటి సత్తిరాజు అనువారు విభాగపు రేడియో విషయమున అలవాటుగా పొరపాట్లు చేయు వ్యక్తి అని వారి స్వహస్త లిఖిత సంజాయిషీల వలన నిర్ధారణ అయినది. కావున వారిని రేడియోలు తాకకుండా నిషేధించడమైనది. వారి చేయి పడిన సాఫ్ట్‌వేరును సైతము వినియోగించరాదు.'

"సార్, నా చెయ్యి పడకపోతే అది ఈ రేడియోని గుర్తే పట్టదు" అన్నాడు సత్తిరాజు.

"మీ చేయి పడినది గనుకనే మేము దానిని గుర్తింపజాలము."

అల్పపీడనం వాయుగుండంగా మారిందని ఆకాశవాణిలో చెప్పిన రోజు అది. మధ్యాహ్నం నూకరత్నం ఫోన్ చేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల మెల్లగా మాట్లాడింది.

"రేపు తెల్లారి అందరూ ఏటకెళ్తన్నారు అన్నియ్యా. తుఫాను ఇటొత్తాదో రాదో ఎవరూ చెప్పట్లేదు. ఎల్లొద్దంటే ఈయన ఇంటం లేదు. అప్పు తీర్చాలి, ఒక్క ఏటే అంటన్నాడు. ఆ రేడియో..."

"వస్తుంది" అని పెట్టేశాడు. ఇన్నాళ్లూ గడ్డి కరిచింది ఎందుకు? తన మర్యాదంతా కాగితాలకెత్తి ఇచ్చేసి, చివరికి చెల్లెలు మళ్లీ చీర ఊపుకోవలసిందేనా? కోపం తలకెక్కి ఆఫీసుకి పరిగెత్తాడు.

అనంతపద్మనాభం గారు విపత్తు సంసిద్ధతా వారోత్సవాల్లో ముగ్గుల పోటీకి బహుమతులిస్తున్నారు. సత్తిరాజు తిన్నగా లలితాంబ గారి బల్ల దగ్గరికి వెళ్లి, కాగితం లాక్కుని రాసి, ఆవిడ ముందు పెట్టాడు.

'అయ్యా, నేను పొరపాటున స్ట్రాంగ్ రూములోని రేడియోలన్నిటికీ ఛానెళ్లు ఎక్కించితిని. పొరపాటున వాటిని తీరపల్లెలకు పంచివేసితిని.'

ఆవిడ చదివి కళ్లజోడు తీశారు. "ఎప్పుడు చేశారు?"

"ఇంకా చెయ్యలేదండి."

లలితాంబ గారు కిటికీలోంచి మబ్బుల వంక చూశారు. తర్వాత ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, పాత మెమోల వరసలోనే కొత్త మెమో టైపు చేసి, సభలో ఉన్న సార్ దగ్గరికి పట్టుకెళ్లారు. సత్తిరాజు సంజాయిషీలు పాలవాడి బిల్లు కంటే అలవాటైపోయిన మనిషి ఆయన. ముగ్గుల మీంచి కళ్లు తిప్పకుండానే 'తీవ్రముగా పరిగణించడమైనది' కింద సంతకం పెట్టారు.

ఆవిడ స్టాకు పుస్తకంలో రేడియోలు కొట్టేసి స్టోర్‌కీపర్ని పిలిచారు. "ఏమయ్యా, రేడియోలు పంచేసినట్టు సార్ సంతకం ఉంది. నీ గదిలో ఏంటవి?"

స్టోర్‌కీపర్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. స్టాకులో ఉన్నది గదిలో లేకపోతే దొంగతనం. స్టాకులో లేనిది గదిలో ఉంటే దానికి పేరు కూడా లేదు. "తీసుకుపోండి మాష్టారూ, మీకు పుణ్యముంటది" అని తనే డబ్బాలు మోసుకొచ్చి వరండాలో పెట్టాడు.

సత్తిరాజు సంచిలోంచి సొంత ల్యాప్‌టాప్ తీసి కేబుల్ తగిలించాడు. సాఫ్ట్‌వేర్ ఒక్కో రేడియోనీ పాత స్నేహితుణ్ని చూసినట్టు గుర్తుపట్టింది. టీ చల్లారే లోపల ఒకటి, వెంటనే ఇంకొకటి. అన్నిటికీ బీపు ఆన్‌లో ఉంచాడు. ఆ ఒక్కటీ పొరపాటున చేసింది కాదు. పడవకొకటి, ఒడ్డున ఒకటి లెక్కన, చేపలకి వెళ్లే ఐసు వ్యాన్లు ఎక్కించి ఏ పల్లెవి ఆ పల్లెకి రాత్రికి రాత్రే పంపించేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి తుఫాను ఇటే వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ముందు టవర్ పడిపోయింది. తుఫాను షెల్టర్ డాబా మీద, తడిసి ముద్దవుతూ, నూకరత్నం రేడియో పట్టుకుని ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు. వీరబాబు ఒక్కడే పలకలేదు. ఇక్కడ ఐటీఐ మేడ మీద సత్తిరాజు తన సెట్టు చెవికానించుకుని వింటున్నాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. ఎంతకో గరగరల మధ్యనుంచి అతని గొంతు వచ్చింది, వల సగమే లాగాను, అది లాగేసి వస్తానని.

"నీకంటే ఎక్కువ మార్కులొచ్చినోళ్లు చెప్తన్నారు" అంది నూకరత్నం. "వల కోసేసి పడవ తిప్పు. ఓవర్."

అందరూ ఒడ్డు చేరారు. సత్తిరాజు ఆ మేడ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పేపర్లు విభాగాన్ని మెచ్చుకున్నాయి. అనంతపద్మనాభం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. సత్తిరాజుకి ఏదైనా ఇద్దామా అన్న ప్రశ్న కూడా రాకపోలేదు. రేడియోలు పంచడం ఒప్పు అని సన్మానిస్తే దాన్ని తీవ్రంగా పరిగణించిన మెమో తప్పవుతుంది. మెమో తప్పయితే బాధ్యులెవరు? కాబట్టి పంచడం తప్పే. తప్పు కాబట్టి దిద్దుకోవాలి. దిద్దుకోవడమంటే రేడియోలన్నీ వెనక్కి తెచ్చి, యథాప్రకారం స్ట్రాంగ్ రూములో పెట్టడం.

ఆ పని మీద అనంతపద్మనాభం గారు స్వయంగా జీపులో బయల్దేరారు. పక్కన లలితాంబ గారు ఫైల్ పట్టుకుని కూర్చున్నారు. వెళ్లిన ప్రతి పల్లెలోనూ జనం మర్యాదగా కొబ్బరిబోండాలు కొట్టిచ్చి, రేడియోకి బదులు ఒక కాగితం చేతిలో పెట్టారు. అన్ని కాగితాల్లోనూ ఒకటే మాట. ఆ మాట వాళ్లకి ఎవరు నేర్పారో ఆయన అడగలేదు, ఎందుకంటే కింద సంజాయిషీ పద్ధతి ప్రకారమే ఉంది.

చివరికి కొత్తమొగ చేరారు. నూకరత్నం గుమ్మంలో నిలబడి కాగితం ఇచ్చింది. 'అయ్యా, రేడియో పొరపాటున సముద్రములో పడిపోయినది. ఇకపై ఇట్టి పొరపాటు జరగనీయనని మనవి.'

"చేవ్రాలు బాగున్నది" అన్నారు అనంతపద్మనాభం గారు. అంతలో ఇంట్లోంచి, బియ్యం డబ్బా ఉన్న వైపునుంచి, బీప్ మంది. లోపల వీరబాబు ఏ మీట నొక్కాడో.

ఆయన తలెత్తారు. "ఏమది?"

"బీపు సార్" అన్నారు లలితాంబ గారు. తర్వాత ఫైల్ తెరిచి, మొదటి మెమో వెతికి, ఆయన ముందు పట్టుకున్నారు. "కానీ బీపు ఉత్తర్వు రద్దయిపోయింది సార్. మీదే సంతకం. అది మోగడానికి వీల్లేదు. మోగిందని రాస్తే, మీ ఉత్తర్వు అమలు కాలేదని..."

అనంతపద్మనాభం గారు ఆ సంతకం వంక చూశారు. మళ్లీ బీప్ మంది.

"నాకేమియు వినబడలేదు" అని ఆయన వెళ్లి జీపెక్కారు.

లలితాంబ గారు ఒక్క అడుగు వెనక నిలబడి మెల్లగా అన్నారు. "ఆ బీపు ఆపించుకో అమ్మా. ఏది మార్చాలో మీ అన్నయ్యకి తెలుసుగా."

"ఆపనండి" అంది నూకరత్నం. "మోగితేనే కదండీ, అది బతికుందని తెలిసేది. మా మరిది ఎల్లిపోయిన రోజు ఏదీ మోగలేదు."

లలితాంబ గారు జీపు ఎక్కి, ఫైల్ ఒళ్లో పెట్టుకుని, గతుకుల రోడ్డు మీద అక్షరాలు వంకరపోతుంటే రాశారు: 'పరికరము లభ్యము కాలేదు. శబ్దమేదియు లేదు.'